పెంటకుప్పలో చిరంజీవులు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పాత క్వార్టర్ల వెనుక సందు గుండా నడిచే మనిషికి ముందుగా కంటబడేది పందిరి. దానిమీద చిక్కుడో, సొరో, బీరో అల్లుకొని ఉంటుంది. పందిరి నీడన బచ్చలి పాదు. ఎండ తగిలే చోట గోంగూర మడి, రెండు వరుసల టమాటా మొక్కలు. పెరటి మూలన, గోడవారగా, ఒక గొయ్యి. వంటింట్లో నుంచి వచ్చే కూరల తొక్కలు, వడగట్టిన టీ పిప్పి, ఊడ్చిన ఆకులు, దొరికిన నాడు తట్టెడు పేడ, అన్నీ ఆ గోతిలోకే చేరుతాయి. ఆరు నెలలు తిరిగేసరికి అడుగున నల్లగా, తొలకరికి తడిసిన నేలవలె కమ్మని వాసన వేసే ఎరువు తయారవుతుంది.

ఈ అలవాటు కొంత రైలు వెంట వచ్చినది. కొంత ఆ నేలలోనే ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను కూడలి చేసినది. హౌరా నుంచి నాగపూర్ మీదుగా బొంబాయి పోయే ప్రధాన మార్గంలో అది పెద్ద జంక్షను. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. 1931లో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ నేరుగా దారి ఏర్పడినది. రైల్వే ఉద్యోగాలకని వచ్చి స్థిరపడిన తెలుగువారు తమ రుచులను వెంట తెచ్చుకొన్నారు. పెంటగోతిని మాత్రం వారు తెచ్చుకోనక్కర లేకపోయినది. ఛత్తీస్‌గఢీ భాషలో దానికి ముందే ఒక పేరున్నది: ఘురవా. ఇంటి కూరగాయల తోటకు బారీ అని పేరు.

2018 డిసెంబరులో అధికారానికి వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం 'నరవా, గరువా, ఘురవా, బారీ' అనే నాలుగు మాటలను, అనగా వాగు, పశువు, పెంటగొయ్యి, పెరడు అనే నాలుగింటిని, తన గ్రామీణ కార్యక్రమానికి పేరుగా పెట్టుకొన్నది. 2020 జూలై 20న, హరేలీ పండుగ నాడు, కిలో రెండు రూపాయల చొప్పున పేడ కొనే పథకం మొదలైనది. ఆ పేడను వానపాముల ఎరువుగా మార్చి అమ్మే పని మహిళా స్వయం సహాయక సంఘాల చేతికి వచ్చినది. తరతరాలుగా ఇంటి గుట్టుగా సాగిన ఎరువు ఆ విధంగా బస్తాలలోకి ఎక్కి సరుకైనది. సరుకు అన్న తరువాత కొనేవారికి ఒక ప్రశ్న పుట్టక తప్పదు: ఈ బస్తాలో ఏమున్నది?

పేడ, ఆకు, గడ్డి, తొక్కలు అన్నది వెనుకటి జవాబు. నేడు ఆ జవాబు చాలదు. గోతిలో వేసినదంతా చివికి మట్టి అవుతుందన్న నమ్మకానికి లొంగని పదార్థాలు కొన్ని, గత ఎనభై ఏళ్ళలో, మనిషి చేతి మీదుగా గోతిలోకి దిగినవి.

ఇండోరులో దొరికిన సూత్రం

కుప్పపోసి ఎరువు చేయడం భారతదేశపు రైతుకు కొత్త కాదు. దానికి శాస్త్రపద్ధతి కూర్చిన ఖ్యాతి మాత్రం ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయునికి దక్కినది. 1924 నుంచి 1931 వరకు ఇండోరులోని వృక్ష పరిశోధన సంస్థలో పనిచేసిన హోవర్డ్, తన సహచరుడు యశ్వంత్ వాడ్‌తో కలిసి రైతుల పద్ధతులను పరిశీలించి, వాటికి మెరుగులు దిద్ది 'ఇండోర్ పద్ధతి'ని రూపొందించినాడు. పొలంలోని చెత్త, పశువుల పేడ, మూత్రం ఇంకిన మట్టి, కొద్దిగా కట్టెబూడిద వరుసలు వరుసలుగా పేర్చి, తగినంత తడి, తగినంత గాలి తగిలేటట్లు చూసి, నియమిత కాలంలో తిరగవేస్తే మూడు నెలలలో ఎరువు సిద్ధమవుతుందని వారు చూపించినారు. 1931లో వారిద్దరూ కలిసి ఈ పద్ధతిని గ్రంథస్థం చేసినారు. అటుపిమ్మట అది ఆఫ్రికాలోని కాఫీ తోటలకు, ఇంగ్లండులోని పెరళ్ళకు పాకినది. నేడు ప్రపంచమంతటా సేంద్రియ వ్యవసాయం అని పిలువబడే ఉద్యమానికి మధ్యభారతపు పెంటకుప్ప ఒక పుట్టినిల్లు.

చక్కగా పేర్చిన కుప్ప లోపలి వేడి అరవై డిగ్రీలు దాటుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ వేడి పుట్టించేవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. అవి ఆకులోని పిండి పదార్థాన్ని, పేడలోని మాంసకృత్తులను, గడ్డిలోని పీచును విడగొట్టి తింటాయి. తిని వేడిని, బొగ్గుపులుసు వాయువును, నీటిని విడుస్తాయి. రోగాలు కలిగించే క్రిములు, కలుపు విత్తనాలు చాలా వరకు ఆ వేడికి చస్తాయి. మిగిలినది నల్లని మెత్తని పదార్థం. దానినే శాస్త్రజ్ఞులు హ్యూమస్ అంటారు. రైతులు మాగిన ఎరువు అంటారు.

సూక్ష్మజీవులు ఇంత పని చేయగలగడానికి కారణం వాటి అనుభవం. చెట్టు, జంతువు, పురుగు తయారుచేసే ప్రతి పదార్థంతోనూ వాటికి కోట్ల సంవత్సరాల పరిచయం. ప్రకృతిలో పుట్టిన ప్రతి తాళానికీ వాటి దగ్గర ఒక తాళపుచెవి ఉన్నది. హోవర్డ్ తన సూత్రాన్ని వ్రాసిన నాటికి గోతిలోకి వచ్చే తాళాలన్నీ దాదాపుగా ఆ జాతివే. పురుగులను చంపే శక్తి డి.డి.టి.కి ఉన్నదని కనుగొనడానికి ఇంకా ఎనిమిదేళ్ళు పట్టినది. 2,4-డి అనే కలుపుమందు బజారులోకి రావడానికి ఇంకా పద్నాలుగేళ్ళున్నది. అంటే ఇండోర్ కుప్ప ఆ పదార్థాలు లేని లోకం కోసం కట్టిన కుప్ప.

తరువాత వచ్చిన రసాయనాలన్నీ మొండివేనని అనుకోరాదు. నేడు పొలాలలో వాడే పురుగుమందులలో, కలుపుమందులలో చాలా భాగం కుప్ప వేడికి, సూక్ష్మజీవుల దాడికి వారాలలోనో నెలలలోనో విరిగిపోతాయి. కుప్ప ఒక పెద్ద శుద్ధియంత్రమన్న మాట నిజమే. అయితే కొన్ని మాత్రం లొంగవు. పురాణాలు ఏడుగురిని చిరంజీవులని చెప్పినవి. వారిలో అశ్వత్థామకు చిరంజీవిత్వం వరం కాదు, శాపం. పెంటకుప్పలోని చిరంజీవులు ఆ కోవకు చెందినవి. పైగా కుప్ప చివికేకొద్దీ దాని బరువు సగానికి సగం తగ్గుతుంది. చివికేది పోగా చివకనిది మిగులుతుంది గనుక, ఎరువు మాగేకొద్దీ వాటి పాలు పెరుగుతుంది. చెత్తలో ఉన్నదానికన్న ఎరువులోనే అవి చిక్కగా ఉంటాయి.

గడ్డిలో నుంచి వచ్చిన చిక్కు

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రాన పుల్‌మన్ అనే ఊళ్ళో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ పశుశాలల చెత్తతో తయారైన కంపోస్టును జనం పెరళ్ళకు, నారుమళ్ళకు వాడుకొనేవారు. 2000 సంవత్సరంలో ఆ ఎరువు వేసిన చోట టమాటా మొక్కలు వింతగా పెరిగినవి. ఆకులు దొన్నెల వలె ముడుచుకొన్నవి, కాడలు మెలితిరిగినవి, లేత చిగుళ్ళు విచ్చుకోక ముద్దగట్టినవి. ఇంచుమించు ఆ కాలంలోనే అదే రాష్ట్రంలోని స్పోకేన్ నగరపు కంపోస్టులోనూ ఇదే చిక్కు బయటపడినది. విచారించగా తేలిన ముద్దాయి క్లోపైరాలిడ్ అనే కలుపుమందు. పచ్చికలో వెడల్పాకు కలుపును చంపడానికి దానిని చల్లుతారు. పచ్చికకు ఏమీ కాదు. కత్తిరించిన ఆ పచ్చికే నగరపు కంపోస్టు గుట్టకు చేరినది. కుప్ప వేడి మందును విరగగొట్టలేకపోయినది.

ఈ మందులు మొక్కలోని పెరుగుదల హార్మోను వేషం వేసుకొని లోపల ప్రవేశిస్తాయి. మొక్క తన అదుపు తప్పి పెరిగి నశిస్తుంది. వరి, గోధుమ, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలకు వీటివల్ల హాని లేదు. టమాటా, చిక్కుడు, బఠాణీ, బంగాళాదుంప మాత్రం అతి సున్నితమైనవి. నూరు కోట్ల పాళ్ళలో పది పాళ్ళుంటే చాలు, అవి వంకరలు తిరుగుతాయి. పది టన్నులు మోసే లారీలు పది తెచ్చి నూరు టన్నుల ఎరువు గుమ్మరిస్తే, అందులో ఉన్న మందు అంతా కలిపి ఒక్క గ్రాము! కంటికి ఆనదు, వాసన ఉండదు, మామూలు పరీక్షలకు చిక్కదు. మొక్కకు మాత్రం తెలుస్తుంది.

వాషింగ్టన్ రాష్ట్రం 2002లో ఇళ్ళ ముందరి పచ్చికల మీద క్లోపైరాలిడ్ వాడకాన్ని నిషేధించినది. కథ అంతటితో ముగియలేదు. 2008లో బ్రిటన్‌లోని పెరటి రైతులకు అమినోపైరాలిడ్ అనే దాయాది మందు ఎదురైనది. ఈసారి దారి మరింత విచిత్రం. మందు చల్లిన గడ్డిని పశువు మేసినది. మందు పశువు కడుపులో చెక్కుచెదరక పేడతో బయటకు వచ్చినది. పేడ ఎరువైనది. ఎరువు కొన్న వారిలో చాలామంది రసాయనమంటేనే ముఖం తిప్పుకొనే మనుషులు. ఏ విషాన్ని తమ పెరటి గుమ్మం తొక్కనీయమని వారు ఒట్టు పెట్టుకొన్నారో, ఆ విషమే పశువు కడుపులో నుంచి, నమ్మకస్థుని వేషంలో, వారి మళ్ళలోకి నడిచి వచ్చినది. ఆ ఏడు జూలైలో అక్కడి ప్రభుత్వం దాని అమ్మకాన్ని నిలిపివేసినది. మరుసటి సంవత్సరం కొత్త కట్టుబాట్లతో తిరిగి అనుమతించినది.

ఈ ఉదంతంలోని అన్యాయాన్ని గుర్తించవలసి ఉన్నది. మందు చల్లినవాడు ఒకడు. గడ్డి మేపినవాడు మరొకడు. పేడ అమ్మినవాడు ఇంకొకడు. పంట పోయినది వీరెవరిదీ కాదు. ఎక్కువ శ్రద్ధ తీసుకొన్న వారికే ఎక్కువ నష్టం. బిలాస్‌పూర్ చుట్టుపక్కల పల్లెలలో పేడ తట్ట మోసి, వానపాములను సాకి, ఎరువును జల్లెడపట్టి బస్తాకెత్తే స్త్రీ కూడా ఈ గొలుసులో ఒక కొక్కెం. తప్పు ఆమెది కాకపోయినా బస్తా మీద ఉండేది ఆమె సంఘం పేరే.

గోడ మీది తేదీ

రెండవ రకం చిరంజీవులు మొక్కను ఏమీ చేయవు. అందుచేతనే వాటితో ఎక్కువ ప్రమాదం.

పాత తరం వారికి ఒక దృశ్యం గుర్తుండి ఉంటుంది. మలేరియా విభాగం వారు పంపులు మోసుకొని వచ్చి ఇంటింటి గోడలకు తెల్లని మందు కొట్టేవారు. వాకిలి పక్కన గోడ మీద తేదీ వేసి వెళ్ళేవారు. ఆ మందు డి.డి.టి. 1874లోనే ప్రయోగశాలలో తయారైన ఆ పదార్థానికి పురుగులను చంపే గుణం ఉన్నదని 1939లో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్ కనుగొన్నాడు. 1948లో నోబెల్ బహుమతి పొందినాడు. భారతదేశంలో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైనది. అంతకుముందు ఏటా ఏడున్నర కోట్ల మందిని పట్టి పీడించిన జ్వరం 1960ల మధ్యకాలానికి లక్ష కేసులకు దిగినదంటే ఆ తెల్లమందు చేసిన మేలు సామాన్యమైనది కాదు. చల్లటి చేతితో ప్రాణం పోసినదానిని విషమని ఒక్కమాటలో కొట్టివేయడం కృతఘ్నత.

అయితే ఏ గుణం వల్ల అది గోడ మీద నెలల తరబడి పనిచేసినదో, ఆ గుణం వల్లనే అది నేలలో దశాబ్దాలపాటు నిలిచిపోయినది. డి.డి.టి. కొంత మారి డి.డి.ఇ. అవుతుంది, అది తల్లికన్న మొండి పిల్ల. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మట్టి నుంచి గడ్డికి, గడ్డి నుంచి పశువు కొవ్వుకు, అక్కడినుంచి పాలకు మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. గుమ్మడి జాతి పాదులు కొన్ని దానిని వేళ్ళతో పీల్చుకొనగలవని పరిశోధకులు చూపించినారు. భారత ప్రభుత్వం వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని 1989లోనే నిషేధించినది.

దీనికి తోబుట్టువు గమాక్సిన్. చీమలకు, నల్లులకు, ధాన్యపు పురుగులకు ఆ బూడిదరంగు పొడిని చల్లని ఇల్లు ఒకప్పుడు తెలుగునాట అరుదు. బి.హెచ్.సి. అనే పేరుగల దాని మూల పదార్థాన్ని 1997లో దేశంలో నిషేధించినారు. ఇంటి అటక మీద తుప్పుపట్టిన డబ్బాలో మిగిలిన పొడికి మాత్రం నిషేధం సంగతి తెలియదు. ఇల్లు ఖాళీచేసే నాడు ఆ డబ్బాను పెరటి గోతిలో బోర్లించేవారు ఆ గోతిని బాగుచేయలేని విధంగా పాడుచేస్తున్నారు.

నూనె అంటని కాగితం

మూడవ రకం అన్నిటికన్న కొత్తది, అన్నిటికన్న మొండిది. 1938లో డ్యూపాంట్ సంస్థలో పనిచేస్తున్న రాయ్ ప్లంకెట్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు వేరొక ప్రయోగం చేస్తూండగా సిలిండరులో అనుకోకుండా ఒక తెల్లని జారుడు పొడి ఏర్పడినది. తరువాత టెఫ్లాన్ అనే పేరుతో పెనాలకు ఎక్కినది అదే. దాని వెనుక బొగ్గు, ఫ్లోరిన్ పరమాణువులు కలిసిన వేలాది పదార్థాల కుటుంబం ఒకటి బయలుదేరినది. పీఫాస్ అని దానికి పొట్టిపేరు. బొగ్గుకూ ఫ్లోరిన్‌కూ మధ్య ఉండే ముడి సేంద్రియ రసాయనశాస్త్రంలో అత్యంత బలమైన వాటిలో ఒకటి. నీరు అంటదు, నూనె అంటదు, నిప్పుకు బెదరదు. ఈ సుగుణాల వల్లనే అవి నూనె పీల్చని కాగితాలలోకి, మరకలు పడని బట్టలలోకి, మంటలార్పే నురుగులోకి చేరినవి. అరవై డిగ్రీల కుప్ప వేడి వాటికి చలిమంట వంటిది.

అవి కంపోస్టులోకి వచ్చే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి మురుగునీటిని శుద్ధి చేయగా అడుగున మిగిలే బురద. ఎరువు గుణం ఉన్నదని ఆ బురదను ఎన్నో దేశాలలో పొలాలకు తోలుతారు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 2016లో ఒక పాడి క్షేత్రపు పాలలో పీఫాస్ కనబడగా, దశాబ్దాల క్రితం అక్కడి పొలాలకు తోలిన బురద మీదకు దృష్టి మళ్ళినది. ఆ రాష్ట్రం 2022లో బురదను, బురదతో చేసిన కంపోస్టును నేలకు వేయడాన్ని పూర్తిగా నిషేధించినది. అక్కడ భూమి మారలేదు, రైతు మారలేదు. తండ్రుల నాటి ఎరువు పిల్లల నాటి పాలలో తేలినది.

రెండవ దారి తిండి వెంట వచ్చే కాగితం. నూనె అంటకుండా పూత పూసిన పొట్లాలు, పళ్ళేలు ఆహారపు చెత్తతో కలిసి కుప్పకు పోతాయి. 2019లో అమెరికా పురపాలక కంపోస్టులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, తిండి పొట్లాలను కూడా స్వీకరించే చోట తయారైన ఎరువులో ఈ పదార్థాలు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు తేల్చినారు. పళ్ళెం చివికి కనబడకుండా పోయినంత మాత్రాన దాని పూత పోయినట్లు కాదన్నమాట. డెన్మార్క్ 2020 జూలై నుంచి ఇటువంటి ఆహారపు కాగితాలలో పీఫాస్ వాడకాన్ని నిషేధించినది. ఈ కుటుంబంలో ప్రసిద్ధమైన పి.ఎఫ్.ఓ.ఎ. మానవులకు క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2023లో ప్రకటించినది.

కొలబద్దలో లేని వరుస

ప్రభుత్వాలు కళ్ళు మూసుకొని కూర్చున్నవని అనరాదు. 2001లో స్టాక్‌హోమ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక దీర్ఘకాలం నిలిచే సేంద్రియ కాలుష్యాలను ప్రపంచం నుంచి తొలగించడానికే పుట్టినది. భారతదేశం 2006లో దానికి ఆమోదముద్ర వేసినది. 2011 మే నెలలో ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు దేశమంతటా నిలిపివేసినది. 2018 మార్చిలో మరి ఏడు రసాయనాలను నిషేధిస్తూ నియమావళి వెలువడినది.

ఎరువుకు కూడా కొలబద్దలున్నవి. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోనూ, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలలోనూ నగర కంపోస్టుకు గుణపట్టికలు ఏర్పరచినారు. కిలో ఎరువులో సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, ఆర్సెనిక్ 10, పాదరసం 0.15 మిల్లీగ్రాములు దాటరాదని 2016 పట్టిక చెప్పినది. లోహాల వరుస ఇలా చక్కగా ఉన్నది. కలుపుమందుల అవశేషాలకు, డి.డి.టి. కుటుంబానికి, పీఫాస్‌కు మాత్రం ఆ పట్టికలో వరుస లేకపోయినది. కనుక ఒక బస్తా పరీక్షలన్నిటిలోనూ నెగ్గి, ధ్రువపత్రం పొంది, టమాటా మడిని ముడుచుకుపోయేటట్లు చేయడానికి ఆ నియమాలరీత్యా అడ్డేమీ లేకపోయినది. అడగని ప్రశ్నకు ప్రయోగశాల జవాబు చెప్పదు.

ఆరు కుండీల పరీక్ష

అయినా గృహస్థు నిస్సహాయుడు కాడు. మొదటి రకం చిరంజీవులను పట్టుకొనడానికి లక్షల ఖరీదు చేసే యంత్రాలకు దీటైన సాధనం ఒకటి వంటింటి డబ్బాలోనే ఉన్నది. అది చిక్కుడు గింజ.

ఆరు చిన్న కుండీలు తీసుకోవాలి. మూడింటిలో, అనుమానమున్న ఎరువు రెండు పాళ్ళు, మంచిదని తెలిసిన మట్టి ఒక పాలు కలిపి నింపాలి. తక్కిన మూడింటిలో మంచి మట్టి మాత్రమే నింపాలి. కుండీకి మూడేసి చిక్కుడు గింజలో బఠాణీలో నాటి, అన్నిటికీ ఒకే ఎండ, ఒకే నీరు అందేటట్లు చూడాలి. ఒక వరుస కుండీల నుంచి కారిన నీరు రెండవ వరుసకు తగలరాదు. రెండు మూడు వారాలలో, అసలు ఆకులు మూడు జతలు వచ్చేసరికి తీర్పు వెలువడుతుంది. ఎరువు కలిపిన మూడు కుండీలలోనూ ఆకులు దొన్నెలుగా ముడుచుకొని, కాడలు మెలితిరిగి, మట్టి కుండీలలో మొక్కలు నిటారుగా ఉంటే ఆ ఎరువును కూరమడికి వేయరాదు. ఒక్క కుండీలోనే తేడా కనబడితే అది పురుగో, తెగులో, నీటి ఎద్దడో కావచ్చును.

పరీక్షలో ఓడిన ఎరువును తిరిగి కుప్పలో కలపడం మంచిది కాదు. దానిని కూరలు పండించని చోట పలుచగా పరచి, మట్టితో కలిపి, అప్పుడప్పుడు తిరగవేస్తూ ఒక ఏడాది వదలాలి. గుట్టలో విరగని మందు గాలి తగిలే సజీవమైన నేలలో మెల్లమెల్లగా విరుగుతుంది. ఈ లోగా ఆ చోట పెరిగిన గడ్డిని పశువుకు వేయడం గాని, మరల గోతికి చేర్చడం గాని తగదు. చేర్చితే చక్రం మళ్ళీ మొదటికి వస్తుంది.

ఇక రెండవ, మూడవ రకాల సంగతి. చిక్కుడు మొక్క వాటిని గురించి సాక్ష్యం చెప్పదు. పచ్చగా, ఏపుగా, నవ్వుతూ పెరుగుతుంది. గోతిలో పడిన తరువాత వాటిని వెదకి తీసే ఉపాయం సామాన్యుని చేతిలో లేదు. కాబట్టి గోతి గట్టు మీదనే కాపలా కాయాలి. పేడ కొనేటప్పుడు పశువు ఏ గడ్డి తిన్నదో, ఆ గడ్డికి ఏ మందు చల్లినారో అడగడం తప్పు కాదు; అడిగేవారు పెరిగితే చెప్పేవారూ తెలుసుకొని చెబుతారు. రైలుపట్టాల వెంబడి కలుపు చావడానికి మందు చల్లే అలవాటు ఉన్నది గనుక, రైల్వే ఊళ్ళలో కట్ట పక్కన కోసిన గడ్డిని గోతిలో వేయకపోవడం మంచిది. పాత పురుగుమందు డబ్బాలను, వాటిని తుడిచిన గుడ్డలను పురపాలక సంఘం వారి ప్రమాదకర వ్యర్థాల సేకరణకు వేరుగా అప్పగించాలి. నిగనిగలాడే పూత గల కాగితపు పళ్ళెం, నూనె ఇంకని పొట్లం, మీద ఏ ముద్ర ఉన్నా సరే, పెరటి గోతికి తగినవి కావు.

ఇంతమాత్రం చేత గోతిని పూడ్చి, బజారు ఎరువుకు పరుగెత్తవలసిన పని లేదు. శుభ్రమైన చెత్తతో చేసిన ఎరువుకు నేటికీ సాటి లేదు. గోతిలో దోషం లేదు. గోతిలో వేసే చేతికి తెలివిడి కావాలి. ఊరికి ఒకటి చొప్పున ఎరువు కేంద్రాలున్న చోట, బస్తా కట్టేముందు వారానికొకసారి ఆరు కుండీలు పెట్టడానికి అయ్యే ఖర్చు గుప్పెడు గింజలు. ఆ గుప్పెడు గింజలు అమ్మే స్త్రీ మాటను నిలబెడతాయి, కొనే రైతు మడిని కాపాడుతాయి.

ఛత్తీస్‌గఢ్ అడవులలో సాలవృక్షం విస్తారంగా పెరుగుతుంది. అది ఆ రాష్ట్రపు అధికారిక వృక్షం కూడా. దాని ఆకులను పుల్లలతో కుట్టి దొన్నెలు, విస్తళ్ళు చేస్తారు. ఉత్తరాంధ్రలో ఆ పనికి అడ్డాకు, తెలంగాణలో మోదుగాకు. పెళ్ళి పందిట్లో, అన్నదానంలో భోజనాలైన తరువాత మడిచి అవతల పారవేసిన ఆ ఎంగిలి విస్తరిని ఎవరూ తలచుకోరు. మొదటి వానకు అది మెత్తబడుతుంది. మరుసటి పంటకు అది ఎక్కడ పడినదో ఆనవాలు కూడా ఉండదు. బిలాస్‌పూర్ పెరటి మూలనున్న గొయ్యి కోరేది అటువంటి అతిథినే: వచ్చి, కడుపు నింపి, ఆనవాలు లేకుండా మట్టిలో కలిసిపోయేదానిని.